మైక్ లేకపోతే తెరుచుకోని గేమ్: ఒక ఆడియో క్రాష్ కేస్ స్టడీ

హైదరాబాద్‌లో కొన్ని గేమింగ్ సెంటర్ల కంప్యూటర్లు చూసుకోవడం నా పని. కొత్త గేమ్‌లో లోపం ఉంటే కంపెనీ ప్యాచ్ ఇస్తుంది. పదిహేనేళ్లు దాటిన గేమ్ మొరాయిస్తే ఏ ప్యాచూ రాదు. దాన్ని నడిపించుకోవాల్సింది ఆడేవాళ్లే, లేదంటే వాళ్ల తరఫున మాలాంటి వాళ్లం. ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఇక్కడ గేమ్ కూలిపోవడానికి కారణం ఆడియోనే, కానీ స్పీకర్లలో వినిపించే ఆడియో కాదు. అది తెలియక చాలామంది విండోస్ మళ్లీ వేయిస్తున్నారు, గ్రాఫిక్స్ కార్డు పాడైందనుకుని టెన్షన్ పడుతున్నారు, చివరికి విసిగిపోయి మంచి గేమ్‌ను వదిలేస్తున్నారు.

గేమ్ పేరు కాల్ ఆఫ్ డ్యూటీ: వరల్డ్ ఎట్ వార్. ట్రేయార్క్ స్టూడియో తయారు చేసింది. 2008 నవంబర్‌లో యాక్టివిజన్ విడుదల చేసింది. ఆ సిరీస్‌లో జాంబీస్ మోడ్ మొదలైంది ఇందులోనే. నలుగురు ఒక పాత భవనంలో చిక్కుకుని, కిటికీలకు చెక్కలు బిగించుకుంటూ, రౌండ్ రౌండ్‌కూ పెరిగే జాంబీలను ఆపాలి. తర్వాత వచ్చిన జాంబీస్ గేమ్‌లు చాలా హంగులతో వచ్చాయి. అయినా లాన్‌లో, అంటే కంప్యూటర్లను ఒకే లోకల్ నెట్‌వర్క్‌లో కలిపి, పక్కపక్కన కూర్చుని ఆడటానికి నా దృష్టిలో ఇప్పటికీ ఇదే బాగుంటుంది. ఈ కేసు వచ్చిన సెంటర్‌కు శని, ఆదివారాల్లో దీని కోసమే వచ్చే బ్యాచ్ ఒకటి ఉంది.

కంప్లయింట్

సెంటర్‌లో ఎనిమిది డెస్క్‌టాప్‌లు, నాలుగేసి చొప్పున రెండు వరసలు. అన్నిటికీ ఒకే మోడల్ మదర్‌బోర్డు, ఒకే రకం గ్రాఫిక్స్ కార్డు. అన్నిట్లో విండోస్ 11, అది కూడా ఒకే ఇమేజ్ (అన్నీ సెట్ చేసి దాచుకున్న విండోస్ పూర్తి కాపీ) నుంచి దించినది. గేమ్ కాపీలు స్టీమ్‌లో కొన్నవే. ఓనర్ ఫోన్‌లో చెప్పింది ఇది: "అన్నా, ముందు లైన్ల అన్నీ నడుస్తున్నయి. వెనక లైన్ల ఓపెనే అయితలేదు. నిన్న ఆరో నంబర్ల మంచిగనే ఆడిన్రు, ఇయ్యాల అది గూడ పోయింది."

గేమ్ ఐకాన్ నొక్కితే స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడుతుంది. తర్వాత చిన్న పెట్టె వస్తుంది. అందులో ఉండే మాట 'ఎర్రర్ డ్యూరింగ్ ఇనిషియలైజేషన్: అన్‌హ్యాండిల్డ్ ఎక్సెప్షన్ కాట్'. అంటే మొదలయ్యే దశలోనే గేమ్ ఊహించని తప్పు ఏదో జరిగింది. ఏ భాగంలో జరిగిందో ఆ మెసేజ్ చెప్పదు. సౌండ్ అన్న మాట అందులో ఎక్కడా లేదు. స్క్రీన్ నల్లబడి ఆగింది కాబట్టి చూసినవాళ్లందరికీ అనుమానం గ్రాఫిక్స్ మీదకే పోతుంది.

నేను వెళ్లేసరికి చేయగలిగినవన్నీ చేసేశారు. గ్రాఫిక్స్ డ్రైవర్ తీసి మళ్లీ వేశారు. డైరెక్ట్‌ఎక్స్ 2010 జూన్ ప్యాకేజీ, విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్‌లు వేశారు. విండోస్ ఎక్స్‌పీ కంపాటిబిలిటీ మోడ్ పెట్టారు, అడ్మినిస్ట్రేటర్‌గా నడిపారు. ఒక సిస్టమ్‌లో విండోస్ మొత్తం కొత్తగా వేశారు. ఏదీ పనిచేయలేదు. ఇవేవీ పిచ్చి ప్రయత్నాలు కావు. పాత గేమ్ అనగానే ఎవరైనా చేసేవే. కానీ ఒకే ఇమేజ్ ఉన్న ఎనిమిది సిస్టమ్‌లలో నాలుగు నడుస్తున్నాయంటే, డ్రైవర్లూ రన్‌టైమ్‌లూ సరిగానే ఉన్నాయని ఆ నాలుగు సిస్టమ్‌లే చెబుతున్నాయి. మందు వెతకడం ఆపి, ఆ నాలుగుకూ ఈ నాలుగుకూ తేడా ఏమిటో వెతకాలి.

ఒక సిస్టమ్‌లో గేమ్ ఫోల్డర్ తెరిస్తే డీసౌండ్ డీఎల్ఎల్ అనే ఫైల్ కనిపించింది. డీఎల్ఎల్ అంటే ప్రోగ్రామ్ తనతో కలుపుకుని నడిపే కోడ్ ఫైల్. ఎక్కడిదంటే ఏదో వీడియో చూసి దించి పెట్టారట. ముందు అది తీసేశాను. అలాంటి ఫైల్‌కు అసలు ఒక ప్రయోజనం ఉంది, దాని గురించి కింద రాస్తాను. కానీ ఎవరు తయారు చేశారో తెలియని డీఎల్ఎల్‌ను గేమ్ ఫోల్డర్‌లో పెట్టడం అంటే, గేమ్ తెరిచిన ప్రతిసారీ ఆ అనామక కోడ్‌ను మన చేతులతో మనమే నడపడం. కస్టమర్లు స్టీమ్ ఖాతాలతో లాగిన్ అయ్యే కంప్యూటర్‌లో అది అసలు చేయకూడదు.

తేడా ఎక్కడుంది

ఓనర్ మాటల్లో నాకు బాగా పనికొచ్చింది ఆరో నంబర్ సంగతి. నిన్న నడిచి ఇవాళ నడవని సిస్టమ్ దొరికితే సగం పని అయినట్టే. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య అప్‌డేట్ ఏదీ పడలేదు. కౌంటర్ దగ్గర ఉండే అబ్బాయిని అడిగితే, నిన్న ఒక కస్టమర్ ముందు వరస నుంచి హెడ్‌సెట్ పీకి తెచ్చుకుని ఆరో నంబర్‌లో పెట్టుకున్నాడని, రాత్రి మళ్లీ దాని చోట దాన్ని పెట్టేశారని చెప్పాడు.

ముందు వరస సిస్టమ్‌లకు యూఎస్‌బీ హెడ్‌సెట్‌లు ఉన్నాయి. టీమ్‌గా ఆడే ఆన్‌లైన్ షూటింగ్ గేమ్ వాలరెంట్ ఆడేవాళ్లు అక్కడ కూర్చుంటారు, వాళ్లకు మైక్ కావాలి. వెనక వరసలో ఐదు, ఆరు నంబర్లకు వెనక ఆకుపచ్చ జాక్‌లో పెట్టిన మామూలు స్పీకర్లు మాత్రమే. ఏడో నంబర్‌కు హెచ్‌డీఎంఐ ద్వారా మానిటర్ స్పీకర్లు, దాని బోర్డు మీది సౌండ్‌ను బయోస్‌లోనే (విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లోనే) ఆపేశారు. ఎనిమిదో నంబర్‌కు క్యాబినెట్ ముందు భాగంలోని జాక్‌లలో 3.5 ఎంఎం హెడ్‌సెట్ ఉంది, మైక్ పిన్ కూడా పెట్టే ఉంది. అయినా అది కూడా క్రాష్ అవుతోంది. అనుమానం మైక్ మీదకు పోయింది కానీ ఎనిమిదో నంబర్ దానికి అడ్డం తిరుగుతోంది.

విండోస్ తప్పులను నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లో పనికొచ్చేది ఏమీ లేదు. తప్పు జరిగినప్పుడు దాన్ని గేమే పట్టుకుని తన సొంత పెట్టె చూపించి మూసుకుంటుంది కాబట్టి విండోస్ దాకా విషయం చేరదు. అందుకని మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ వాళ్ల ప్రాసెస్ మానిటర్ తీసుకున్నాను. ఉచితంగా దొరికే టూల్ ఇది. ఒక ప్రోగ్రామ్ ఏ ఫైల్ తెరిచింది, రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట) ఏం చదివింది అన్నది వరసగా చూపిస్తుంది. రెండో నంబర్‌లో ఒకసారి, ఐదో నంబర్‌లో ఒకసారి గేమ్ తెరిచి, రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి చూశాను.

రెండూ చాలా దూరం ఒకే దారిలో నడిచాయి. గ్రాఫిక్స్ దాటాయి. గేమ్ సౌండ్ ఫైళ్లు దాటాయి. తర్వాత రిజిస్ట్రీలో ఎంఎం డివైసెస్ కింద ఉండే ఆడియో శాఖకు వచ్చాయి. అక్కడ రెండు కొమ్మలు ఉంటాయి. రెండర్ అంటే సౌండ్ బయటికి పంపేవి, క్యాప్చర్ అంటే లోపలికి తీసుకునేవి. రెండర్ దగ్గర రెండు సిస్టమ్‌లకూ ఇబ్బంది లేదు. క్యాప్చర్ దగ్గర దారులు చీలాయి. రెండో నంబర్‌లో గేమ్ అక్కడ ఒక పరికరం వివరాలు చదువుకుని ముందుకు సాగింది. ఐదో నంబర్‌లో ఆ చోటు దాటాక ఎర్రర్ పెట్టె సిద్ధమైంది.

ఆ కొమ్మలో ప్రతి పరికరానికి డివైస్ స్టేట్ అనే విలువ ఉంటుంది. 1 అంటే పరికరం వాడకానికి సిద్ధం. 4 అంటే పరికరమే లేదు. 8 అంటే పరికరం ఉంది కానీ జాక్‌లో ఏమీ గుచ్చలేదు. ఐదు, ఆరు నంబర్లలో మైక్ విలువ 8. ఏడులో 4. హెడ్‌సెట్ పెట్టి ఉన్న ఎనిమిదిలో కూడా 8. మైక్ పిన్ లోపల ఉంది, విండోస్ మాత్రం లేదంటోంది. అక్కడితో ఎనిమిదో నంబర్ కూడా మిగతావాటి వరసలోకే వచ్చేసింది.

రుజువుకు పెద్ద పని అవసరం లేదు. రెండో నంబర్ హెడ్‌సెట్ పీకేసి గేమ్ తెరిచాం, క్రాష్ అయింది. మళ్లీ పెట్టాం, తెరుచుకుంది. అదే హెడ్‌సెట్ ఐదో నంబర్‌లో పెట్టాం, తెరుచుకుంది. తర్వాత హెడ్‌సెట్ కూడా లేకుండా, వైరు లేని ఒట్టి 3.5 ఎంఎం పిన్ ఒకటి ఐదో నంబర్ వెనక గులాబీ రంగు జాక్‌లో గుచ్చాం. దాంట్లో మైక్ లేదు, ఏ సిగ్నలూ రాదు. గేమ్ తెరుచుకుంది. ఈ చివరి పరీక్ష ముఖ్యమైనది. గేమ్‌కు మన గొంతు అక్కర్లేదు. రికార్డింగ్ పరికరం ఒకటి ఉందని విండోస్ చెబితే చాలు.

అసలు ఎందుకిలా

ఈ గేమ్‌లో వాయిస్ చాట్ ఉంది. దాని కోసం మొదలయ్యేటప్పుడే రికార్డింగ్ పరికరాన్ని అడుగుతుంది. ఒంటరిగా ఆడుతున్నామా, వాయిస్ చాట్ వాడతామా అన్నదాంతో దానికి పని లేదు. పరికరం దొరక్కపోతే ఆ మాట ఒప్పుకుని ముందుకు పోవాలి, కానీ అక్కడే కూలిపోతుంది. గేమ్‌లో లోపం ఇదే. అయితే దీన్ని అర్థం చేసుకోవాలంటే విండోస్‌లో వచ్చిన ఒక మార్పు తెలియాలి.

ఎక్స్‌పీ రోజుల్లో సౌండ్ కార్డు మొత్తం ఒకే పరికరం. మైక్, లైన్ ఇన్ లాంటివన్నీ దాని మిక్సర్‌లో వేర్వేరు దారులు. డ్రైవర్ వేసి ఉంటే చాలు, రికార్డింగ్ పరికరం ఎప్పుడూ జాబితాలో ఉండేది. మైక్ గుచ్చకపోతే దాన్నుంచి నిశ్శబ్దం వచ్చేది, అంతే. అందుకే మైక్ ఉందో లేదో చూసుకోని ప్రోగ్రామ్‌లు కూడా ఏళ్ల తరబడి చక్కగా నడిచాయి.

2004లో ఇంటెల్ హెచ్‌డీ ఆడియో ప్రమాణం తెచ్చింది. అంతకుముందు ఉన్నది 1997 నాటి ఏసీ 97. హెచ్‌డీ ఆడియోలో ప్రతి జాక్‌లోనూ పిన్ గుచ్చారా లేదా అని కనిపెట్టే ఏర్పాటు ఉంటుంది. 2007 జనవరిలో మార్కెట్లోకి వచ్చిన విండోస్ విస్టా ఆ సమాచారాన్ని ఆధారం చేసుకుని ఆడియో వ్యవస్థనే తిరగరాసింది. సౌండ్ కార్డు ఒకే పరికరంగా కాకుండా జాక్‌కు ఒకటి చొప్పున విడివిడి పరికరాలుగా కనిపించడం మొదలైంది. పిన్ లేని జాక్‌ను పాత తరహా ప్రోగ్రామ్‌ల జాబితా నుంచి తప్పించేస్తుంది. దాంతో రికార్డింగ్ పరికరాలు ఎన్ని అని అడిగితే సున్నా అన్న జవాబు ఇంటింటా కనిపించే సంగతైపోయింది. ఎక్స్‌పీలో సౌండ్ డ్రైవర్ వేసిన కంప్యూటర్‌లో ఆ జవాబు దాదాపు వచ్చేదే కాదు.

ఈ గేమ్ వచ్చింది విస్టా తర్వాతే కదా అన్న ప్రశ్న సహజం. నా అభిప్రాయం ఏమిటంటే, గేమ్ తయారు చేసేవాళ్ల టేబుల్ మీద హెడ్‌సెట్ లేని కంప్యూటర్ దొరకడమే కష్టం. అక్కడ ఈ లోపం కనపడాల్సిన పరిస్థితే రాదు. ల్యాప్‌టాప్‌ల సంగతీ అంతే. లోపల బిగించిన మైక్‌ను ఎవరూ పీకలేరు కాబట్టి దాని విలువ ఎప్పుడూ 1. 'నా ల్యాప్‌టాప్‌లో నడుస్తోంది, నీ సిస్టమ్‌లోనే ఏదో ఉంది' అని ఫ్రెండ్స్ అంటే, ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

కంపాటిబిలిటీ మోడ్ ఎందుకు పనిచేయలేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. అది గేమ్‌కు 'ఇది ఎక్స్‌పీ' అని చెబుతుంది, కొన్ని పాత ప్రవర్తనలను అనుకరిస్తుంది. లేని మైక్‌ను పుట్టించదు. విండోస్ కొత్తగా వేసినా జాక్ ఖాళీగానే ఉంటుంది.

ఇదే జాతి సమస్య 2007లో వచ్చిన బయోషాక్‌లోనూ ఉంది. కొన్ని సిస్టమ్‌లలో విండోస్ సౌండ్ సెట్టింగ్స్ రికార్డింగ్ ట్యాబ్‌లో స్టీరియో మిక్స్ అనే పరికరాన్ని ఎనేబుల్ చేసేదాకా దానికి సౌండ్ రాదు. గేమ్ వేరు, తయారీదారులు వేరు, లక్షణం వేరు. వెతకాల్సిన చోటు మాత్రం అదే.

ఎనిమిదో నంబర్

నాకు ఈ కేసులో బాగా ఆసక్తిగా అనిపించింది ఇదే. ఎందుకంటే ఇది గేమ్‌ల సమస్య మాత్రమే కాదు, మన దగ్గర అసెంబుల్ చేసిన డెస్క్‌టాప్‌లలో తరచుగా కనిపించేది.

క్యాబినెట్ ముందు జాక్‌ల నుంచి ఒక వైరు మదర్‌బోర్డు మీది ఆడియో హెడ్డర్‌కు (వైరు తగిలించే పిన్‌ల గుంపుకు) వస్తుంది. చాలా క్యాబినెట్లలో ఆ వైరు చివర రెండు కనెక్టర్లు ఉంటాయి. ఒకదాని మీద హెచ్‌డీ ఆడియో అని, ఇంకోదాని మీద ఏసీ 97 అని రాసి ఉంటుంది. రెండూ ఒకే హెడ్డర్‌లో పడతాయి. రెండింటిలో ఏది పెట్టినా స్పీకర్ మోగవచ్చు కాబట్టి అసెంబ్లింగ్ చేసేవాళ్లు పట్టించుకోరు.

హెడ్డర్‌లో పది పిన్‌ల స్థానాలు. ఎనిమిదో స్థానం ఖాళీ, కనెక్టర్ తిరగేసి పెట్టకుండా అది అడ్డం. హెచ్‌డీ ఆడియో లెక్కలో ఏడో పిన్ ద్వారా సెన్స్ సిగ్నల్ జాక్‌లకు వెళ్తుంది. జాక్ లోపల చిన్న స్విచ్ ఉంటుంది, పిన్ గుచ్చితే అది కదులుతుంది. ఆ కబురు ఆరో పిన్, పదో పిన్ ద్వారా తిరిగి బోర్డుకు వస్తుంది, ఒకటి మైక్‌కు, ఒకటి హెడ్‌ఫోన్‌కు. ఏసీ 97 కనెక్టర్‌లో ఈ తిరుగు దారి ఉండదు. అందుకే మైక్ గుచ్చినా విండోస్‌కు తెలియదు. ఎనిమిదో నంబర్ మూత తీస్తే హెడ్డర్‌లో ఏసీ 97 కనెక్టరే ఉంది. దాన్ని తీసి పక్కనే వేలాడుతున్న హెచ్‌డీ ఆడియో కనెక్టర్ పెట్టాం. మైక్ విలువ 8 నుంచి 1కి మారింది. గేమ్ తెరుచుకుంది.

పాత క్యాబినెట్లలో ఏసీ 97 కనెక్టర్ ఒక్కటే ఉండవచ్చు. అప్పుడు, బోర్డు సౌండ్ చిప్‌లు తయారు చేసే రియల్‌టెక్ వాళ్ల పాత హెచ్‌డీ ఆడియో మేనేజర్‌లో ముందు ప్యానెల్ జాక్ డిటెక్షన్‌ను ఆపే ఆప్షన్ ఉంటుంది. కొన్ని బోర్డుల బయోస్‌లోనూ ముందు ప్యానెల్ రకం ఎంచుకునే చోటు ఉంటుంది. ఇవి మారిస్తే ముందు జాక్‌లు ఎప్పుడూ నిండి ఉన్నట్టే లెక్క.

ఇక్కడే ఇంకో మాట. మొబైల్ హెడ్‌సెట్‌కు ఒకే పిన్ ఉంటుంది, దాని మీద మూడు నల్ల గీతలు ఉంటాయి. దాన్ని డెస్క్‌టాప్ ఆకుపచ్చ జాక్‌లో పెడితే పాటలు వినిపిస్తాయి, మైక్ మాత్రం కంప్యూటర్‌కు చేరదు. 'మైక్ పెట్టాను కదా' అని కస్టమర్ నమ్మకంగా చెబుతాడు. హెడ్‌ఫోన్‌కు, మైక్‌కు వేరువేరు పిన్‌లుగా విడగొట్టే స్ప్లిటర్ వైరు పెడితేనే గులాబీ జాక్ నిండుతుంది.

ఏది పెట్టాం, ఎందుకు

ఐదు, ఆరు నంబర్లకు దారులు చాలానే ఉన్నాయి. అందరూ ముందు చెప్పేది స్టీరియో మిక్స్. రన్ బాక్స్‌లో ఎంఎంసిస్ డాట్ సీపీఎల్ అని కొట్టి సౌండ్ విండో తెరవాలి. రికార్డింగ్ ట్యాబ్‌లో ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి, డిసేబుల్ అయిన పరికరాలు చూపించమనాలి. కనిపించిన స్టీరియో మిక్స్‌ను ఎనేబుల్ చేయాలి. ఇంట్లో ఒక్కరే ఆడుకునేవాళ్లకు ఇది చాలు, పైసా ఖర్చు లేదు.

సెంటర్‌కు మాత్రం నేను వద్దన్నాను. స్టీరియో మిక్స్ అంటే స్పీకర్లలో మోగేదంతా మళ్లీ రికార్డింగ్‌గా వచ్చే దారి. మైక్ లేని సిస్టమ్‌లో అదే డిఫాల్ట్ మైక్ అయిపోతుంది. వాయిస్ చాట్ ఆన్ చేయగానే ఒకరి తుపాకీ మోత మిగతా ముగ్గురి చెవుల్లో రెండోసారి పేలుతుంది. పైగా అన్ని డ్రైవర్లూ దాన్ని ఇవ్వవు. విండోస్ అప్‌డేట్ రియల్‌టెక్ డ్రైవర్‌ను తీసి మైక్రోసాఫ్ట్ సాధారణ డ్రైవర్ పెట్టిందంటే స్టీరియో మిక్స్ మాయమవుతుంది, దాంతోపాటు గేమ్ కూడా.

అందుకే ఆ రెండింటికీ ఒట్టి పిన్‌లే పెట్టాం. కోఠి గుజరాతీ గల్లీలో 3.5 ఎంఎం పిన్‌లు చవగ్గా దొరుకుతాయి. వెనక గులాబీ జాక్‌లో గుచ్చి, పీకకుండా టేప్ వేశాం. గుచ్చగానే ఏం పెట్టారని రియల్‌టెక్ సాఫ్ట్‌వేర్ అడుగుతుంది, మైక్ అని చెప్పాలి. ఖాళీ పిన్ నుంచి కొద్దిగా గుర్రుమనే శబ్దం వస్తుంది కాబట్టి మైక్ లెవెల్‌ను మ్యూట్ చేశాం. ఇక్కడ స్టాఫ్‌కు గట్టిగా చెప్పాల్సి వచ్చిన సంగతి ఒకటి ఉంది. మ్యూట్ చేయవచ్చు, డిసేబుల్ చేయకూడదు. మ్యూట్ చేస్తే విలువ 1గానే ఉంటుంది. డిసేబుల్ చేస్తే పరికరం జాబితాలోంచి పోతుంది, గేమ్ మళ్లీ కూలుతుంది.

ఏడో నంబర్‌కు బోర్డు సౌండే లేదు. గ్రాఫిక్స్ కార్డు ఇచ్చే హెచ్‌డీఎంఐ ఆడియోకు బయటికి పంపే దారి మాత్రమే ఉంటుంది, లోపలికి తీసుకునేది ఉండదు. బయోస్‌లో బోర్డు సౌండ్ తిరిగి ఆన్ చేసి పిన్ గుచ్చవచ్చు. కానీ ఓనర్ దాన్ని కావాలనే ఆపించారు. ఆన్ ఉంటే డిఫాల్ట్ మారిపోయి మానిటర్‌లో సౌండ్ రావడం లేదని కస్టమర్లు రోజూ పిలుస్తున్నారట. అందుకే దానికి వీబీ ఆడియో వాళ్ల వీబీ కేబుల్ వేశాం. ఇది లేని సౌండ్ కార్డును ఉన్నట్టు చూపించే డ్రైవర్. ప్లేబ్యాక్‌లో ఒకటి, రికార్డింగ్‌లో ఒకటి కొత్త పరికరాలు వస్తాయి. వేశాక డిఫాల్ట్ ప్లేబ్యాక్‌ను మళ్లీ మానిటర్‌కే మార్చాలి, లేకపోతే సౌండ్ అంతా ఆ ఉత్తుత్తి కేబుల్‌లోకి పోయి స్పీకర్లు మూగబోతాయి.

అన్ని సిస్టమ్‌లలో సెట్టింగ్స్‌లోని ప్రైవసీ విభాగం కూడా చూశాం. మైక్రోఫోన్ అన్న చోట డెస్క్‌టాప్ యాప్‌లకు అనుమతి ఇచ్చే స్విచ్ ఉంటుంది. అది ఆపి ఉంటే పరికరం జాబితాలో కనిపించవచ్చు, కానీ ప్రోగ్రామ్‌కు దొరకదు. సెంటర్ ఇమేజ్‌లో అది ఆన్‌లోనే ఉంది. ఇంట్లో ప్రైవసీ కోసం ఆపుకున్నవాళ్లు పాత గేమ్ క్రాష్ అయితే ముందు అది చూడాలి.

ఆ డీసౌండ్ ఫైల్ సంగతి

తీసేసిన డీసౌండ్ డీఎల్ఎల్ వేరే రోగానికి మందు. విస్టాలో ఆడియోను తిరగరాసినప్పుడు ఇంకో పెద్ద మార్పు కూడా జరిగింది. అంతకుముందు డైరెక్ట్‌సౌండ్ (డైరెక్ట్‌ఎక్స్‌లోని సౌండ్ భాగం) ద్వారా గేమ్‌లు సౌండ్ కార్డు హార్డ్‌వేర్‌ను నేరుగా వాడుకునేవి. క్రియేటివ్ కంపెనీ ఈఏఎక్స్ ఎఫెక్టులు, గదిలో ప్రతిధ్వని, వెనక నుంచి అడుగుల చప్పుడు, ఇవన్నీ ఆ దారిలోనే వచ్చేవి. విస్టా ఆ దారి మూసేసింది, మిక్సింగ్ అంతా సాఫ్ట్‌వేర్‌లోకి మారింది. హార్డ్‌వేర్ బఫర్లు ఎన్ని ఉన్నాయని పాత గేమ్ అడిగితే జవాబు సున్నా. ఆ సున్నాను తట్టుకోలేని గేమ్‌లు మూగబోతాయి, కొన్ని క్రాష్ అవుతాయి.

1998లో వచ్చిన థీఫ్: ది డార్క్ ప్రాజెక్ట్ లాంటి గేమ్‌లకు ఇది చాలా పెద్ద నష్టం. అందులో చీకట్లో నిలబడి చెవులతోనే ఆడాలి, కాపలావాడు ఎంత దూరంలో ఉన్నాడో చప్పుడే చెప్పాలి. దీనికి విరుగుడుగా క్రియేటివ్ ఆల్కెమీ అనే టూల్ ఇచ్చింది. తర్వాత ఓపెన్ సోర్స్‌లో డీఎస్‌ఓఏఎల్ వచ్చింది. రెండింటి పనీ ఒకటే: డైరెక్ట్‌సౌండ్ పిలుపులను పట్టుకుని ఓపెన్‌ఏఎల్ అనే ఇంకో ఆడియో వ్యవస్థలోకి మార్చడం. గేమ్ ఫోల్డర్‌లో పెట్టే డీసౌండ్ డీఎల్ఎల్ చేసేది ఇదే. విండోస్ 8 నుంచి ఇంకో చిక్కు కూడా ఉంది. కొన్ని గేమ్‌లు డైరెక్ట్‌సౌండ్‌ను రిజిస్ట్రీ ద్వారా అడుగుతాయి. అప్పుడు ఫోల్డర్‌లో మనం పెట్టిన ఫైల్‌ను పట్టించుకోకుండా విండోస్ సిస్టమ్ ఫైలే తెరుచుకుంటుంది. రిజిస్ట్రీలో దారి మారిస్తేనే మన ఫైల్ పలుకుతుంది.

ఈఏఎక్స్ కాలపు గేమ్ అయితే ఈ దారి పట్టండి, ఫైల్‌ను అసలు తయారు చేసినవాళ్ల దగ్గర నుంచే తెచ్చుకోండి. వరల్డ్ ఎట్ వార్ మెసేజ్ చూపించి ఆగిపోతుంటే మాత్రం దీనితో పని లేదు.

ఇప్పుడు ఎలా ఉంది

ఎనిమిది సిస్టమ్‌లలోనూ గేమ్ తెరుచుకుంటోంది. అయితే హెడ్‌సెట్‌లు ఒక చోట ఉండవు, కస్టమర్లు మారుస్తూనే ఉంటారు. ముందు వరసలో యూఎస్‌బీ హెడ్‌సెట్ పీకేస్తే అక్కడా ఇదే క్రాష్ వస్తుంది. అందుకని ఆ నాలుగింటికీ కూడా వెనక జాక్‌లో పిన్‌లు పెట్టేశాం. హెడ్‌సెట్ ఉన్నప్పుడు అది డిఫాల్ట్‌గా ఉంటుంది, లేనప్పుడు పిన్ ఆ చోటు నింపుతుంది.

దీనికి తోడు ఇమేజ్‌లో ఒక చిన్న పవర్‌షెల్ స్క్రిప్ట్ చేర్చాను. సిస్టమ్ ఆన్ అయినప్పుడు క్యాప్చర్ కొమ్మలో డివైస్ స్టేట్ విలువలు చదువుతుంది. ఒక్కటైనా 1 ఉంటే ఏమీ అనదు. ఒక్కటీ లేకపోతే 'మైక్ పరికరం లేదు, వెనక గులాబీ జాక్ చూడండి' అని తెలుగులో ఒక పెట్టె చూపిస్తుంది. కౌంటర్ అబ్బాయి చూసి పిన్ సరిచేసుకుంటాడు. ఏడో నంబర్‌లో మాత్రం అదే పెట్టె 'వీబీ కేబుల్ చూడండి' అంటుంది. పెద్ద విండోస్ అప్‌డేట్‌ల తర్వాత ఆ డ్రైవర్ ఉందో లేదో, డిఫాల్ట్ ప్లేబ్యాక్ మానిటర్ మీదే ఉందో లేదో చూడాలని మెయింటెనెన్స్ పుస్తకంలో రాసి పెట్టాం.